బయట తిరిగే పిల్లికి పొడి ఆహారం: సంచి మీది బొమ్మ కాదు, వెనుక ఉన్న పట్టిక చూడాలి

పగలంతా అరుగు మీదో, మెట్ల కిందో నిద్ర. చీకటి పడితే గోడలు, పెంకులు, పక్కింటి పెరడు. మన దేశంలో ఇళ్లను ఆశ్రయించుకుని బతికే అనేక పిల్లుల దినచర్య ఇదే. ఒకప్పుడు ఇంట్లో మిగిలిన పెరుగన్నం, చేప తలకాయ, తానే పట్టుకున్న ఎలుక వాటి ఆహారం. ఇప్పుడు చిన్న పట్టణాల దుకాణాల్లోనూ పిల్లుల కోసం తయారైన పొడి ఆహారం, అంటే డ్రై ఫుడ్, సంచుల్లో దొరుకుతోంది. త్వరగా పాడైపోదు, కొలిచి పెట్టడం తేలిక, చేతికి వాసన అంటదు. అందువల్ల దాని వాడకం పెరుగుతోంది.

అయితే ఏ సంచి కొనాలి? గంతులేస్తున్న పిల్లి బొమ్మ, నిగనిగలాడే చేప చిత్రం, ‘చురుకైన పిల్లుల కోసం’ అన్న పెద్ద అక్షరాలు కొనుగోలుదారును ఆకర్షించడానికి ఉద్దేశించినవి. పిల్లి ఆరోగ్యాన్ని నిర్ణయించే సమాచారం సంచి వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. రోజూ పరుగెత్తి, ఎక్కి, దూకి, వేటాడే పిల్లికి ఆహారం ఎంచుకునేటప్పుడు ప్రధానంగా మూడు విషయాలు చూడాలి. మాంసకృత్తులు జంతు సంబంధమైనవా, వంద గ్రాముల్లో శక్తి ఎంత, పక్కన నీరు ఉందా అన్నవే ఆ మూడు.

పిల్లి చిన్న కుక్క కాదు

కుక్క మాంసాన్నీ అన్నాన్నీ తిని బతకగలదు. పిల్లి శరీర నిర్మాణం వేరు. అది మాంసాహారం మీదే ఆధారపడవలసిన జంతువు. మాంసకృత్తులను విచ్ఛిన్నం చేసే కాలేయ ఎంజైములు పిల్లిలో నిరంతరం చురుకుగా ఉంటాయి. ఆహారంలో మాంసకృత్తులు తగ్గినా ఆ వేగం పెద్దగా తగ్గదు. కొరత ఎక్కువకాలం కొనసాగితే పిల్లి తన కండరాలనే కరిగించుకుంటుంది.

టారిన్ అనే పోషకం ఇందుకు ప్రధాన ఉదాహరణ. ఇది మాంసంలో, చేపలో, ముఖ్యంగా గుండె వంటి అవయవాల్లో లభిస్తుంది. వృక్ష సంబంధ పదార్థాల్లో దాదాపు ఉండదు. పిల్లి శరీరం దీనిని అవసరమైనంతగా తయారుచేసుకోలేదు. టారిన్ లోపిస్తే కంటి రెటీనా క్షీణిస్తుందని 1975లో పరిశోధకులు వెల్లడించారు. గుండె కండరం పలచబడి గుండె ఉబ్బే జబ్బుకూ ఇదే కారణమని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిస్ ప్రాంగణ శాస్త్రవేత్తలు నిరూపించారు. ఆ తరువాతే కంపెనీలు పిల్లుల ఆహారంలో టారిన్ పరిమాణాన్ని పెంచాయి.

మరికొన్ని పోషకాల విషయంలోనూ పిల్లిది ప్రత్యేక స్థితి. క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌ను అది విటమిన్ ఎగా మార్చుకోలేదు. ఎండలో ఎంతసేపు పడుకున్నా చర్మం ద్వారా తగినంత విటమిన్ డి తయారుచేసుకోలేదు. అరకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం జంతువుల కొవ్వు నుంచే అందాలి. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పూర్తిగా లేని ఆహారం ఒక్కపూట తిన్నా కొన్ని గంటల్లోనే రక్తంలో అమ్మోనియా పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. కుక్కల కోసం తయారైన ఆహారాన్ని పిల్లికి రోజూ పెట్టకూడదని పశువైద్యులు చెప్పడానికి కారణాలు ఇవే.

పెరుగన్నం, చేప ముళ్లు చాలవా?

పెరుగన్నం కడుపు నింపుతుంది గాని పిల్లికి కావలసిన టారిన్, విటమిన్ ఎ, కొవ్వు ఆమ్లాలను అందించదు. పాలు పిల్లికి ఇష్టమే. కానీ పాలు మరచిన తరువాత చాలా పిల్లుల్లో పాలచక్కెరను జీర్ణం చేసే శక్తి తగ్గి విరేచనాలు కలుగుతాయి. కోస్తా జిల్లాల్లో పిల్లులకు చేప వ్యర్థాలు వేయడం మామూలే. కొన్ని రకాల పచ్చి చేపల్లో థయమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది. వాటినే రోజూ పెడితే తూలిపోవడం, మూర్ఛ వంటి నాడీ లక్షణాలు కనిపిస్తాయి. నూనె ఎక్కువగా ఉండే చేపలే ఆహారమైతే విటమిన్ ఇ కొరత ఏర్పడి చర్మం కింది కొవ్వు వాచి నొప్పి పెడుతుంది. ఎముక లేని మాంసం మాత్రమే పెడితే కాల్షియం తగ్గి ఎముకలు బలహీనపడతాయి. కాలేయం అతిగా పెడితే విటమిన్ ఎ మితిమీరి వెన్నుపూస కీళ్లు బిగుసుకుపోతాయి.

ఎలుకను పట్టుకున్న పిల్లి దాని మాంసం, ఎముక, కాలేయం, గుండె అన్నీ తింటుంది. అందుకే ఆ ఆహారంలో సమతుల్యం ఉంటుంది. ఒక చిన్న ఎలుకలో ఉండే శక్తి సుమారు 30 కిలో కేలరీలు. కేవలం వేట మీద బతకాలంటే రోజుకు 8 నుంచి 10 దాకా చిట్టెలుకలు పట్టాలి. పట్టణ వీధుల్లో అది సాధ్యమయ్యే పని కాదు. పైగా ఎలుకల మందు తిన్న ఎలుకను తింటే ఆ విషం పిల్లికీ సోకుతుంది. ఇంట్లో సంపూర్ణ ఆహారం సమయానికి అందడం అవసరమయ్యేది ఇందుకే.

వెనుక పట్టికను ఎలా చదవాలి?

మొదట వెతకవలసినది ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’, అంటే సంపూర్ణ సమతుల ఆహారం అన్న ప్రకటన. అది ఏ వయసు పిల్లికి ఉద్దేశించినదో కూడా పక్కనే ఉండాలి. ‘కాంప్లిమెంటరీ’, ‘ట్రీట్’ అని ఉంటే అది చిరుతిండి మాత్రమే. అమెరికాలో ఏఏఎఫ్‌సీఓ, ఐరోపాలో ఫెడియాఫ్ సంస్థలు ప్రకటించే పోషక ప్రమాణాలను ప్రపంచవ్యాప్తంగా అనుసరిస్తున్నారు. భారతీయ ప్రమాణాల సంస్థకూ కుక్కలు, పిల్లుల ఆహారానికి ప్రత్యేక ప్రమాణం ఉంది.

ఏఏఎఫ్‌సీఓ ప్రకారం తేమను మినహాయించి లెక్కించినప్పుడు పెద్ద పిల్లి ఆహారంలో కనీసం 26 శాతం, ఎదిగే కూనలు, చూలు పిల్లులు, పాలిచ్చే తల్లుల ఆహారంలో కనీసం 30 శాతం మాంసకృత్తులు ఉండాలి. కొవ్వు కనీసం 9 శాతం, పొడి ఆహారంలో టారిన్ కనీసం 0.1 శాతం ఉండాలి. ఇవి కనీస పరిమాణాలు మాత్రమే. చురుకుగా తిరిగే ఆరోగ్యవంతమైన పిల్లికి 35 నుంచి 40 శాతం, ఆపైన మాంసకృత్తులు, 15 నుంచి 20 శాతం కొవ్వు ఉన్న రకాలు అనుకూలమైనవి. మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లికి ఈ సూచన వర్తించదు. దానికి పశువైద్యుడు నిర్దేశించిన ఆహారమే పెట్టాలి.

రెండవది పదార్థాల జాబితా. వండక ముందు ఉన్న బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వాటిని పేర్కొంటారు. మొదటి రెండు మూడు పేర్లు కోడిమాంసం, చికెన్ మీల్, చేప, గుడ్డు వంటివి కావాలి. పచ్చి కోడిమాంసంలో సుమారు 70 శాతం నీరే కాబట్టి జాబితాలో అది ముందున్నా, ఆరబెట్టాక దాని వాటా బాగా తగ్గుతుంది. చికెన్ మీల్ అంటే నీరు, కొవ్వు తీసేసి పొడిచేసిన పదార్థం. అందువల్ల బరువుతో పోల్చితే అందులో మాంసకృత్తులు ఎక్కువ. మొదటి స్థానాల్లో మొక్కజొన్న, గోధుమ, నూకలు, సోయా, గ్లూటెన్ మాత్రమే కనిపిస్తే ఆ సంచిలోని మాంసకృత్తులు చాలావరకు ధాన్యాల నుంచి వచ్చినవే.

బొమ్మను నమ్మి మోసపోకూడదనడానికి అమెరికా నిబంధనలు చక్కని ఉదాహరణ. అక్కడ పేరులో ‘విత్ ట్యూనా’ అని రాయడానికి 3 శాతం ట్యూనా సరిపోతుంది. ‘ట్యూనా ఫ్లేవర్’ అనడానికి ఆ రుచి గుర్తించగలిగేంత ఉంటే చాలు.

మాంసకృత్తుల శాతం ఒక్కటే చూడటమూ ప్రమాదమే. ప్రయోగశాలలో నత్రజనిని కొలిచి, దాని ఆధారంగా ‘క్రూడ్ ప్రొటీన్’ అంకెను లెక్కిస్తారు. 2007లో ఉత్తర అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారాన్ని భారీఎత్తున వెనక్కి తీసుకోవలసి వచ్చింది. అందులో వాడిన గోధుమ గ్లూటెన్‌లో నత్రజని అధికంగా ఉండే మెలమైన్ కలిసింది. ఆ ఆహారం తిన్న పిల్లులు, కుక్కలు మూత్రపిండాలు దెబ్బతిని మరణించాయి. అంకెతో పాటు ఆ మాంసకృత్తులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలన్నది ఆ ఘటన మిగిల్చిన పాఠం.

రెండు సంచులు, ఒక లెక్క

పట్టికలో పిండిపదార్థాల శాతం సాధారణంగా ఉండదు. మాంసకృత్తులు, కొవ్వు, పీచు, తేమ, బూడిద శాతాలను కలిపి వందలోంచి తీసివేస్తే అది వస్తుంది. శక్తిని అంచనా వేయడానికి మాంసకృత్తుల శాతాన్ని 3.5తో, కొవ్వును 8.5తో, పిండిపదార్థాలను 3.5తో హెచ్చవేసి కూడాలి. వచ్చే మొత్తం వంద గ్రాముల్లోని కిలో కేలరీలను సూచిస్తుంది.

ఒక సంచిలో మాంసకృత్తులు 28, కొవ్వు 10, పీచు 4, తేమ 10, బూడిద 8 శాతం అనుకుందాం. పిండిపదార్థాలు 40 శాతం, శక్తి 323 కిలో కేలరీలు. మరో సంచిలో మాంసకృత్తులు 40, కొవ్వు 18, పీచు 3, తేమ 8, బూడిద 8 శాతం. ఇందులో పిండిపదార్థాలు 23 శాతం, శక్తి దాదాపు 374 కిలో కేలరీలు. మొదటి ఆహారంలో 43 శాతం శక్తి పిండి నుంచి వస్తుంటే, రెండవ దానిలో అది 22 శాతం లోపే. స్వేచ్ఛగా వేటాడి బతికే పిల్లుల ఆహారాన్ని విశ్లేషించి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం వాటికి 52 శాతం శక్తి మాంసకృత్తుల నుంచి, 46 శాతం కొవ్వు నుంచి, 2 శాతం మాత్రమే పిండిపదార్థాల నుంచి అందుతుంది. ఉడికిన పిండిని పిల్లి జీర్ణం చేసుకోగలదు. గింజల రూపంలో ఆహారం తయారుచేయడానికీ కొంత పిండి అవసరమే. కానీ అదే సంచిలో ప్రధానం కాకూడదు.

ధరను కూడా కిలో చొప్పున కాక రోజు చొప్పున పోల్చాలి. 280 కిలో కేలరీలు అవసరమైన పిల్లికి మొదటి ఆహారం 87 గ్రాములు, రెండవది 75 గ్రాములు పెట్టాలి. మొదటిది కిలో 400 రూపాయలు, రెండవది 450 రూపాయలు అనుకుంటే రోజు ఖర్చు మొదటిదానికి సుమారు 35 రూపాయలు, రెండవదానికి 34 రూపాయలు. చవక అనుకున్న సంచి నిజానికి చవక కాదు. అంతేకాదు, మొదటిది రోజుకు 24 గ్రాముల మాంసకృత్తులు ఇస్తే రెండవది 30 గ్రాములు ఇస్తుంది.

ఎంత పెట్టాలి?

నాలుగు కిలోల పిల్లి విశ్రాంతిగా ఉన్నప్పుడు దానికి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు కావాలి. సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగి, ఇంటిపట్టున ఉండే పిల్లికి 240 దాకా, శస్త్రచికిత్స జరగని పిల్లికి 280 దాకా, బాగా తిరిగి వేటాడే పిల్లికి 320 దాకా అవసరం కావచ్చు. శస్త్రచికిత్స తరువాత శక్తి అవసరం తగ్గి ఆకలి పెరుగుతుంది. కాబట్టి అప్పుడు కొలత తగ్గించాలి.

బయట తిరుగుతుంది కదా అని గిన్నె నింపి వదిలేయడం పొరపాటు. రోజులో పదిహేను గంటలు నిద్రపోయే పిల్లి కూడా ‘బయటి పిల్లి’ గానే చెలామణి అవుతుంది. పైగా మూడిళ్లలో మూడు పేర్లతో మూడుపూటలా తినే పిల్లులు ప్రతి వీధిలోనూ ఉంటాయి. ఇరుగుపొరుగును అడిగి తెలుసుకుని కొలత నిర్ణయించాలి. పక్కటెముకల మీద చేయి ఆనించినప్పుడు అవి తేలికగా తగలాలి. పై నుంచి చూస్తే నడుము కాస్త సన్నగా కనిపించాలి. ఎముకలు బయటికి కనబడితే ఆహారం పెంచాలి. వెతికినా తగలకపోతే తగ్గించాలి. తింటున్నా బక్కచిక్కిపోతుంటే నులిపురుగుల పరీక్ష చేయించాలి. వేటాడే పిల్లులకు కనీసం మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయడం, రేబిస్ తదితర టీకాలు వేయించడం ఆహారమంత ముఖ్యం.

రోజు కొలతను రెండు మూడు పూటలుగా పెట్టి, అరగంట తరువాత గిన్నె తీసేయడం మంచిది. రాత్రంతా ఆరుబయట వదిలిన గింజలు ఎలుకలను, పందికొక్కులను పిలుస్తాయి. చివరి పూట చీకటి పడే వేళకు ఇంట్లో పెడితే పిల్లి ఆ సమయానికి తిరిగి రావడం అలవాటు చేసుకుంటుంది. వాహనాలు, వీధికుక్కల వల్ల ప్రమాదం ఎక్కువగా ఉండే వేళ అది ఇంట ఉంటుంది.

నీరు లేని పొడి ఆహారం సగం ఆహారమే

ఇంటి పిల్లి మూలం ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి ప్రాంతాల అడవిపిల్లి. దాని సంతతికి దాహం తక్కువ, మూత్రాన్ని చిక్కగా చేసుకునే శక్తి ఎక్కువ. వేటలో దొరికిన ఎలుక శరీరంలో సుమారు 70 శాతం నీరే ఉంటుంది. పొడి ఆహారంలో తేమ 8 నుంచి 10 శాతం మాత్రమే. నాలుగు కిలోల పిల్లికి రోజుకు మొత్తం 200 మిల్లీలీటర్ల దాకా నీరు అవసరం కాగా, 75 గ్రాముల పొడి ఆహారం ద్వారా అందేది 6 మిల్లీలీటర్లు.

ఆ లోటు తీరకపోతే మూత్రంలో స్ఫటికాలు, రాళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. గండుపిల్లికి మూత్రనాళం సన్నగా ఉంటుంది కాబట్టి అది మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. మాటిమాటికీ మూత్రానికి కూర్చోవడం, చుక్క రాకపోవడం, నొప్పితో అరవడం కనిపిస్తే అదే రోజు, వీలైతే అదే గంటలో పశువైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి. ఒకటి రెండు రోజుల ఆలస్యం ప్రాణం తీస్తుంది. పెరట్లో మూత్రం పోసే పిల్లి విషయంలో ఈ మార్పు యజమాని కంట పడదు. అందుకే నివారణే మార్గం.

ఇంట్లో, వరండాలో, పెరట్లో రెండు మూడు చోట్ల వెడల్పాటి గిన్నెల్లో నీరు పెట్టి రోజూ మార్చాలి. ఆహారపు గిన్నెకు కాస్త దూరంగా నీరు ఉంటే అనేక పిల్లులు ఎక్కువ తాగుతాయి. రోజులో ఒక పూట తడి ఆహారం, లేదా ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం నీరు ఇవ్వవచ్చు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకే మే నెలలో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఆహారం వేటను తగ్గిస్తుందా?

కడుపు నిండినంత మాత్రాన పిల్లి వేట మానదు. అయితే ఏం తిన్నదన్నది ప్రభావం చూపుతుంది. బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నైరుతి ఇంగ్లండ్‌లో 355 పిల్లులను గమనించి 2021లో ఫలితాలు వెల్లడించారు. మాంసం నుంచి వచ్చే మాంసకృత్తులు అధికంగా ఉన్న, ధాన్యం లేని ఆహారం తిన్న పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజుకు 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన పిల్లుల్లో 25 శాతం తగ్గింది. పిచ్చుకలు, ఉడుతలు, తొండలు ఉన్న పెరడు గల ఇళ్లకు ఈ ఫలితం ఉపయోగపడుతుంది. ‘గ్రెయిన్ ఫ్రీ’ అన్న పదం ఒక్కటే హామీ కాదు. ధాన్యం బదులు బంగాళాదుంప, బఠాణీ నింపిన సంచులూ ఉంటాయి. చూడవలసింది మాంసం వాటానే.

వానకాలంలో నిల్వ

సంచి తెరిచిన నాటి నుంచి గాలి, తేమ తగిలి కొవ్వు ముక్క వాసన పడుతుంది, విటమిన్లు తగ్గుతాయి. తేమలో బూజు పట్టి విషపదార్థాలు పుడతాయి. 2021లో బ్రిటన్‌లో వందలాది పిల్లులకు రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి. కొన్ని పొడి ఆహారాలను వెనక్కి పిలిపించి పరీక్షించగా వాటిలో బూజు సంబంధ విషాలు కనిపించాయి. అవే కారణమన్న తుది నిర్ధారణ జరగలేదు గాని, ఏ సంచి ఏ బ్యాచ్‌కు చెందినదో తెలిసి ఉండటం ఎంత అవసరమో ఆ ఘటన చాటింది.

అందువల్ల నెల, నెలన్నరలో పూర్తయ్యే పరిమాణమే కొనాలి. ఆహారాన్ని డబ్బాలో పోసి సంచి పారేయకుండా, సంచితో సహా మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఉంచాలి. అప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ చేతిలో ఉంటాయి. దుకాణంలో పెద్ద సంచి విప్పి విడిగా తూచి అమ్మే ఆహారానికి ఈ ఆధారాలేవీ ఉండవు. చీమల బెడద ఉంటే గిన్నెను నీళ్లు పోసిన పళ్లెంలో నిలపవచ్చు.

మార్పు నెమ్మదిగా

పాత ఆహారం నుంచి కొత్తదానికి ఒక్కసారిగా మారిస్తే వాంతులు, విరేచనాలు కలగవచ్చు. మొదటి రెండు రోజులు నాలుగో వంతు కొత్తది కలిపి, క్రమంగా పెంచుతూ 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా మార్చాలి. ‘ఆకలైతే అదే తింటుంది’ అని పస్తు ఉంచకూడదు. రెండు మూడు రోజులు తినకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం ఏర్పడుతుంది. పొడి గింజలు నమిలితే పళ్లు శుభ్రమవుతాయన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. అందుకోసం ప్రత్యేకంగా రూపొందించిన రకాలకే కొంతమేర ఆ గుణం ఉంటుంది.

కొనేముందు ఒక్క నిమిషం

• ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అన్న మాట, పిల్లి వయసుకు తగిన వర్గం ఉన్నాయా?
• మొదటి మూడు పదార్థాల్లో కనీసం రెండు జంతు సంబంధమైనవా?
• మాంసకృత్తులు 35 శాతం, కొవ్వు 15 శాతం దరిదాపుల్లో ఉన్నాయా? టారిన్ పేరు ఉందా?
• పిండిపదార్థాలు ఎంతో లెక్కించారా?
• ధరను రోజు చొప్పున పోల్చారా?
• బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, తయారీదారు చిరునామా స్పష్టంగా ఉన్నాయా?

ఖరీదైన సంచి కొనలేని ఇల్లు కూడా ఈ లెక్క వేసుకోవచ్చు. కనీస ప్రమాణాలు ఉన్న సంపూర్ణ ఆహారాన్ని కొలిచి పెట్టి, దానికి తోడు ఉడికించిన గుడ్డో, కాస్త కోడిమాంసమో అప్పుడప్పుడు కలిపి, రోజూ తాజా నీరు మార్చే యజమాని తన పిల్లికి అవసరమైనదాన్ని చాలావరకు సమకూర్చినట్టే. నెలకోసారి దానిని ఎత్తుకుని తూకం వేసి, పక్కటెముకలను తడిమి చూడాలి. కొలత సరిపోయిందో లేదో అక్కడ తెలుస్తుంది.